రెండో తాళం

ఆ తాళం నాది.

ఎర్ర రంగు. మీద తెల్ల పెయింటుతో ఏడో నంబరు. కుడి అంచున ఒక సొట్ట, ఎప్పుడో నా చేతిలోంచి సుత్తి జారి పడినప్పటిది. ఆరంతస్తుల మేడ మీద, లిఫ్టు మిషన్ రూంలో, మెయిన్ స్విచ్చి పిడికి వేలాడుతోంది. పక్కనే నీలం తాళం. రెండు తాళాలున్నాయంటే ఇద్దరు మనుషులు పనిలో ఉన్నారని లెక్క.

నేను ఉద్యోగం మానేసి అప్పటికి ముప్పై ఎనిమిది రోజులైంది.

గదిలో ఎవరూ లేరు.

నేను లిఫ్టు మెకానిక్‌ని. ఇరవై ఏళ్ళకి పైగా అదే పని. అది ఒక్కడు చేసేది కాదు. ఒకడు మేడ మీద మిషన్ రూంలో ఉంటాడు. ఇంకొకడు కింద లిఫ్టు గోతిలో, క్యాబిన్ నెత్తి మీద నిలబడి పని చేస్తాడు. మొదలుపెట్టేముందు స్విచ్చి ఆపి ఇద్దరూ చెరో తాళం వేస్తారు. ఎవరి తాళంచెవి వాళ్ళ జేబులోనే ఉంటుంది. ఎవరి తాళం వాళ్ళే తీయాలి. రెండూ తీస్తే తప్ప కరెంటు రాదు, క్యాబిన్ కదలదు. పైనున్నవాడు తన తాళం తీసేదాకా మేడ దిగకూడదు.

గోతిలోకి దిగేవాడు ముందు పైకి కేకేస్తాడు. “తాళం?”

“పడింది.”

“తాళంచెవి?”

“నా దగ్గరే.”

ఆ జవాబు విన్నాకే కాలు లోపల పెడతాడు. పదకొండేళ్ళ పాటు ఆ కేక నాకు కింది నుంచి వినిపించింది ఒకే గొంతులో. మా బావమరిది గొంతు. నా భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. నేనే పనిలో పెట్టించాను, నేనే నేర్పాను.

ఇంకో సంగతి కూడా నేనే నేర్పాను. అదే కొంప ముంచింది.

నాకు పని నేర్పిన మేస్త్రి అరవై ఏళ్ళకి రిటైరయ్యాడు. మర్నాడు పొద్దున్న ఏడింటికి డిపోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ పలకరించనూ లేదు. ఇంకెక్కడికి వెళ్ళాలో ఆయనకి తెలియదు. అప్పుడు నాకు ఇరవై ఆరు. ఆ ముఖం చూశాక ఇంటికొచ్చి ఒక కాగితం మీద ఒక అంకె రాశాను. అంత డబ్బు చేరిన రోజున, వయసెంతైనా సరే, పని మానేస్తానని నా భార్యకి చెప్పాను. పెళ్ళై అప్పటికి ఏడాది. ఏం చెప్పినా తలూపే రోజులు.

ఆ కాగితం బీరువా తలుపు లోపలి వైపు అతికించాను.

తర్వాత పదిహేడేళ్ళు కడుపు కట్టుకుని బతికాం. అద్దె తక్కువని నాలుగో అంతస్తులో ఇల్లు తీసుకున్నాం. ఆ మేడకి లిఫ్టు లేదు. లిఫ్టులు బాగుచేసేవాడు రోజూ డెబ్భై రెండు మెట్లెక్కి ఇంటికి చేరతాడని వీధిలో అందరికీ నవ్వులాట. చెప్పులు తెగితే కుట్టించుకున్నాను. పన్ను పుచ్చితే రెండో వైపు నమిలాను. పిల్లలు లేరు. కావాలనుకున్నప్పుడు అంకెకి దూరంగా ఉన్నాం, దగ్గరికొచ్చేసరికి వయసు దాటింది. దాని గురించి మేం మాట్లాడుకోం.

ఆ వేసవి మొదట్లో అంకె చేరింది. నాకు నలభై మూడు.

ఆఖరి రోజున ఒక ఆఫీసు భవనంలో పని. మూడున్నరైంది. తాడు సర్దడం ఇంకో రెండు గంటలు పట్టేలా ఉంది. నాలుగున్నరలోపు డిపోలో యూనిఫాం అప్పగిస్తే ఆ రోజే కాగితాలు చేతికొస్తాయి. లేకపోతే రెండు రోజుల సెలవయ్యాకే.

బావమరిది గోతిలోంచి పైకొచ్చి చెయ్యి చాపాడు. “తాళంచెవి ఇవ్వు బావా. నేను తీసి అప్పగిస్తాలే. నువ్వెళ్ళు.”

“ఇంకోడి చేతికి ఇవ్వకూడదురా.”

“నేను ఇంకోడినా?”

“పైన మనిషి లేకుండా గోతిలో దిగుతావా?”

“ఇవాళ్టికి దిగను. నూనె పెట్టి, సామాను సర్దుకుని ఇంటికెళ్ళిపోతా. మిగతాది సెలవయ్యాక చూసుకుంటారు. వెళ్ళవయ్యా మహానుభావా. పంజరం తలుపు నేనే తీశానని మా అక్కకి చెప్పుకోవాలి.”

పదిహేడేళ్ళు ఆగినవాణ్ణి, రెండు రోజులు ఆగలేకపోయాను. తాళంచెవి వాడి చేతిలో పెట్టాను. మెట్లు దిగుతుంటే గోతిలోంచి సుత్తి చప్పుడు వినిపించింది. వాడు దిగాడని తెలుస్తూనే ఉంది. నేను ఆగలేదు.

ఆ ముప్పై ఎనిమిది రోజులూ నేను సుఖపడలేదని చెబితే అబద్ధం. మధ్యాహ్నం రెండింటికి మా గదిలోకి ఎండ ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడిదాకా పాకుతుందో నలభై మూడేళ్ళకి చూశాను. గ్రీజు వాసన గోళ్ళలోంచి పోవడానికి పన్నెండు రోజులు పట్టింది. నా భార్య మాత్రం పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళి రాత్రి ఏడింటికి వచ్చేది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. మెట్లెక్కుతూ మూడో అంతస్తు దగ్గర కాసేపు ఆగేది. ఆ ఆగడం నాకు లోపలికి వినిపించేది. తలుపు తీసి టీ గ్లాసు చేతికిచ్చేవాణ్ణి. అంతటితో నా వంతు అయిందనుకునేవాణ్ణి.

ఒకరోజు ఆ గ్లాసు పట్టుకుని నా ముఖం చూసి, “రంగు తేలారు,” అంది. మెచ్చుకుందో, దెప్పిందో తెలియలేదు. ఆవిడ మాట ఎప్పుడూ అంతే, ఏ వైపు పదునో చెయ్యి తెగితేగానీ తెలియదు.

ఇక పన్ను బాగుచేయించుకోవచ్చు కదా అనిపించింది. ఆరేళ్ళు వాయిదా వేసిన పన్ను. అలా వెళ్ళాను ఆ ఆరంతస్తుల మేడకి. డాక్టరు ఆరో అంతస్తులో ఉంటాడు.

లిఫ్టు ముందు మా కంపెనీ బోర్డు. పని జరుగుతోంది.

“ఎప్పట్నుంచి?” వాచ్‌మన్‌ని అడిగాను.

“తొమ్మిదింటి నుంచి.”

“ఎంతమందొచ్చారు?”

“నేను చూసింది ఒకణ్ణే. రెండోవాడు పైనున్నాడని చెప్పాడు.”

మెట్లెక్కాను. రెండో అంతస్తు, మూడో అంతస్తు. లిఫ్టు పని జరుగుతుంటే గోతి మాట్లాడుతూ ఉంటుంది. సుత్తి, గొలుసు, బూటు, బూతు, ఏదో ఒకటి. నాలుగో అంతస్తులో తలుపుకి చెవి ఆనించాను. ఏమీ లేదు. టీ తాగడానికి వెళ్ళారేమో అనుకున్నాను. కానీ టీకి వెళ్తే బోర్డు తిప్పి పెడతారు. ఐదో అంతస్తులోనూ చెవి పెట్టాను. ఆరో అంతస్తులో డాక్టరు గది దాటి పైకి వెళ్ళిపోయాను.

అలా నా తాళం నాకు కనిపించింది.

గది కుంపటిలా ఉంది. పెద్ద చక్రం మీంచి ఇనుప తాళ్ళు నేలలోని కంతల గుండా గోతిలోకి దిగుతున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని కంతలోకి వంగాను.

“ఒరేయ్.”

జవాబు లేదు.

“ఒరేయ్, ఎక్కడున్నావురా?”

లేదు. నేల మీదున్న స్పానరు తీసుకుని ఇనుప దూలం మీద కొట్టాను. మూడు దెబ్బలు, ఆగి ఇంకో మూడు. మా ఇద్దరి గుర్తు అది. చెవులు గింగురుమన్నాయి. మళ్ళీ కొట్టాను.

చాలాసేపటికి, నిద్రలో మాట్లాడినట్టు, కింది నుంచి గొంతు వచ్చింది. “బావా? నువ్వెందుకొచ్చావ్?”

“ఎక్కడున్నావ్?”

“మూడుకీ నాలుగుకీ మధ్య.”

“తలుపు తీసి బయటికి రా.”

“మామూలుగా అయితే అందేదే.” కాసేపాగాడు. “చేతులు లేవట్లేదు.”

రెండు తాళాలూ అలాగే ఉండనిచ్చాను. చేత్తో తిప్పడానికి కరెంటు అక్కర్లేదు. ఎడమ చేత్తో బ్రేకు పిడి ఎత్తిపట్టి, కుడిచేత్తో చక్రం తిప్పడం మొదలుపెట్టాను. ఒక్క చుట్టుకి క్యాబిన్ బెత్తెడు కదులుతుంది. తాడు మీద అంతస్తుకొక పసుపు గీత ఉంటుంది. నాలుగో గీత చక్రం అంచుకి వస్తే క్యాబిన్ నెత్తి నాలుగో తలుపు గడపకి సమంగా వచ్చినట్టు. చెమట కళ్ళలో పడి గీత రెండుగా కనిపించింది. నలభై చుట్లకి భుజం పట్టేసింది. బ్రేకు వదిలి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పట్టుకున్నాను. ముప్పై ఎనిమిది రోజుల్లో ఒళ్ళు ఎంత మెత్తబడిందో ఆ చక్రం చెప్పింది.

గీత వచ్చింది. పరిగెత్తి నాలుగో అంతస్తుకి దిగాను. వాడు లోపలి నుంచి గడియ మీద చెయ్యి వేయగలిగాడు, నేను బయటి నుంచి లాగాను. చొక్కా కాలరు పట్టుకుని నేల మీదికి ఈడ్చాను. వాడి ముఖం పాలిపోయి ఉంది. చెమట పట్టడం కూడా ఆగిపోయింది. నా కేకకి వాచ్‌మన్ పట్టుకొచ్చిన బాటిల్ నీళ్ళలో సగం వాడు తాగాడు, సగం నెత్తిన పోసుకున్నాడు.

“ఎంతసేపట్నుంచి?”

“తెలీదు. పదింటికి నీళ్ళ సీసా జారి గోతిలో పడింది. ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుందామనుకున్నా.”

పన్నెండు కావస్తోంది.

కాసేపు ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. వాడి ఊపిరి కుదుటపడ్డాక అడిగాను. “నా తాళం నీ దగ్గరెందుకుందిరా?”

“ప్రతి పనికీ రెండు తాళాల ఫొటో పంపాలి కదా ఆఫీసుకి.”

“మరి రెండో మనిషి?”

“నువ్వే.”

“నా బదులు ఎవర్నీ వెయ్యలేదా?”

వాడు ఫోను తీశాడు. ఫోను వెనక తొడుగులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. పైన ఒక అంకె. కింద ఏడాదికొక గడి. నా బీరువా తలుపు మీద ఉన్నది చూసి గీసినట్టే గీశాడు.

“వేస్తానన్నాడు సంతకం సారు. నేనే వద్దన్నాను,” అన్నాడు. సంతకం సారంటే మా సూపర్‌వైజరు. ఆయన చేతికి పెన్ను తప్ప స్పానరు తెలియదని ఆ పేరు. “రెండో మనిషి పని కూడా నాకు ఓవర్‌టైం కింద రాస్తున్నాడు. నీకు పదిహేడేళ్ళు పట్టింది బావా. ఇలా చేస్తే నాకు ఆరే.”

కాగితం మడతపెట్టి తిరిగి ఇచ్చేశాను. అందులో తప్పు ఒక్కటీ లేదు. కూడికలన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఆ సాయంత్రం వాణ్ణి మా ఇంటికి తీసుకెళ్ళాను. నా భార్య వచ్చేసరికి వాడు మంచం మీద వాలి ఉన్నాడు, నేను తడిగుడ్డ పిండుతున్నాను. ఆవిడ చేతిసంచీ కింద పెట్టి ఇద్దర్నీ చూసింది.

“ఏమైంది?”

“కొంచెం కళ్ళు తిరిగాయక్కా.”

“నేను నిన్నడగలేదు.”

నేను చెప్పాను. అంతా చెప్పాను, ఆఖరి రోజున తాళంచెవి ఇచ్చిన సంగతి కూడా. ఆవిడ కుర్చీలో కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటూ విన్నది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

“రేపు ఫొటోలో నీ ఒక్క తాళమే పెట్టు.”

“అప్పుడు కొత్తవాణ్ణి వేస్తారక్కా. ఓవర్‌టైం పోతుంది.”

“పోనీ.”

“బావకి రానిచ్చావు. నాకు వద్దా?” వాడు లేచి కూర్చున్నాడు. “పదకొండేళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. టీ తాగితే ఎన్ని రోజులు వెనక్కి పోతామో చెప్పాడు. పెళ్ళి చేసుకుంటే ఎన్నేళ్ళో చెప్పాడు. నేను విన్నాను. ఆయన చేస్తే ముందుచూపు, నేను చేస్తే పిచ్చా?”

“ఆయన ఎవర్నీ గోతిలో పెట్టి మానలేదు,” అంది నా భార్య. అని, ఆగింది. నా వైపు చూడలేదు. ఆ మాట నిజం కాదని గదిలో ముగ్గురికీ అప్పటికే తెలుసు.

కాసేపటికి వాడే నవ్వాడు, నీరసంగా. “పన్ను సంగతేమైంది బావా?”

“మర్చిపోయాను.”

“ఆరేళ్ళూ అలాగే మర్చిపోయావు. మంచి పొదుపు.”

మర్నాడు డిపోకి వెళ్ళాను. మేస్త్రి కూర్చున్న బెంచీ ఇంకా అక్కడే ఉంది. దాని మీద కూర్చోకుండా నేరుగా లోపలికి వెళ్ళాను. సంతకం సారు ఫైళ్ళ వెనక నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు.

“ఏంటి, అప్పుడే విసుగొచ్చిందా?” అన్నాడు.

“నా తాళంతో పని చేయిస్తున్నారు.”

“ఎవరన్నారు?”

“నిన్న నా కళ్ళతో చూశాను. మనిషి గోతిలో పడి ఉన్నాడు.”

ఆయన పెన్ను మూత పెట్టాడు. “చూడు. నీకిప్పుడు మాతో పని లేదు. నీ ఇష్టమొచ్చిన చోట రాసి ఇవ్వచ్చు. విచారణకి వస్తారు. ఫొటోలు చూస్తారు. రెండు తాళాలు. ఆ ఫొటోలు పంపింది ఎవరు? కింద సంతకం ఎవరిది?”

ఆయన ఒక ఫైలు నా వైపు తోశాడు.

“నాది కాదు. నీ బావమరిదిది. ముందు పోయేది వాడి ఉద్యోగం. లైసెన్సు కూడా పోవచ్చు. ఆ తర్వాతే నా దగ్గరికొస్తారు.”

ఎవరికీ భయపడక్కర్లేని మనిషిని కావడానికి పదిహేడేళ్ళు పస్తున్నట్టు బతికాను. అయ్యాను కూడా. ఎదురుగా కూర్చున్నవాడు నన్ను భయపెట్టలేదు. మా బావమరిది పేరు చెప్పాడు, అంతే.

“మనిషిని వెయ్యండి వాడి పక్కన,” అన్నాను.

“అనుభవం ఉన్నవాడు దొరకాలి. కొత్తవాణ్ణి వేస్తే ఇద్దరూ పోతారు. దొరికేదాకా నాలుగు నెలలో, ఆరు నెలలో.” పెన్ను మూత తీశాడు. “నువ్వొస్తావా?”

“నేనా?”

“సోమవారం నుంచి. కొత్తవాడి జీతం. మానేసి చేరినవాడు కొత్తవాడే కదా.”

ఆలోచించి చెబుతానని బయటికొచ్చాను. ఇంటిదాకా నడిచాను. నా ముందున్నవి మూడు దారులు. ఊరుకుంటే వాడు మళ్ళీ దిగుతాడు, ఈసారి నా పన్ను నొప్పి పుట్టకపోవచ్చు. ఫిర్యాదు చేస్తే వాడి కూడు పోతుంది. మూడోది సోమవారం.

డెబ్భై రెండు మెట్లెక్కి తలుపు తీసేసరికి మధ్యాహ్నం ఎండ సరిగ్గా మంచం కాలి దగ్గరికి వచ్చింది. దాన్ని చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాను.

నా భార్య వచ్చింది. టీ ఇచ్చాను. ఆవిడ తాగకుండా పక్కన పెట్టి, బీరువా తలుపు తెరిచి, ఆ కాగితం ముందు నిలబడింది. షాపులో అద్దాల్ని చూసినట్టు కళ్ళు చికిలించి చూసింది.

“ఇక్కడ కింద రాసిందేమిటి? నా పేరు, పక్కన ఎనిమిది.”

“నువ్వు ఇంకో ఎనిమిదేళ్ళు పనిచేస్తే.”

“చేస్తే?”

“అంకె సరిపోతుంది. నీ జీతంతో ఇల్లు గడుస్తుంది. దాచింది పెరుగుతుంది.”

“నన్నడిగారా?”

అడిగాననే అనుకున్నాను. ఎప్పుడు, ఏ మాటలతో అని వెతికితే ఏమీ దొరకలేదు. ఆ ఎనిమిది రాసిన రోజు మాత్రం గుర్తుంది. ఆవిడ స్నానం చేస్తోంది.

“వాణ్ణి ఒక్కణ్ణీ దిగనివ్వను,” అన్నాను. “సోమవారం నుంచి మళ్ళీ చేరతాను.”

ఆవిడ తాడు మీద ఆరిన బట్టలు తెచ్చి మంచం మీద వేసి మడతపెట్టడం మొదలుపెట్టింది. రెండు చొక్కాలయ్యాయి. ఒక దుప్పటి అయింది. దుప్పటి రెండో కొస నేను పట్టుకున్నాను.

“డబ్బు అలాగే ఉందా?”

“ఉంది. ముట్టుకోలేదు.”

“ఇద్దర్లో ఒకళ్ళు పనిచేస్తే రెండోవాళ్ళు కూర్చోవచ్చన్నమాట.”

“అంతే.”

“అయితే నేను కూర్చుంటా,” అంది.

దుప్పటి కొస నా చేతిలోనే ఉండిపోయింది.

“ఆ అంకెలో సగం నా అద్దాల పొడి. పదిహేడేళ్ళు పీల్చాను. మోకాళ్ళు కూడా వేసుకుంటే సగం కంటే ఎక్కువే.” ఆవిడ గొంతులో కోపం లేదు, అలసటే. “మిమ్మల్ని చేరమని నేననలేదు. చేరొద్దని కూడా అనను, వాడు నా తమ్ముడు. కానీ మీరు వెళ్తే రేపు షాపులో చెప్పేస్తాను.”

నాకు కోపం రాలేదంటే అబద్ధం. పదిహేడేళ్ళు మోసి, గుమ్మం దాకా తెచ్చిన మూట ఇంకొకళ్ళు నెత్తికెత్తుకుని లోపలికి వెళ్ళినట్టు అనిపించింది. తర్వాత ఆ మూట రెండో వైపు పట్టుకున్నదెవరో గుర్తొచ్చింది.

“టీ చల్లారింది,” అన్నాను. “మళ్ళీ పెడతాను.”

“పెట్టండి,” అంది.

సోమవారం చేరాను. యూనిఫాం కొత్తది ఇచ్చారు, ఒక సైజు పెద్దది. బావమరిది నా తాళం తెచ్చి, తాళంచెవితో సహా బల్ల మీద పెట్టాడు. నా చేతికి ఇవ్వలేదు.

మూడు వారాలు వాడు నాతో పనికి సంబంధించిన మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు. ఓవర్‌టైం పోయింది. ఆరేళ్ళ గడులు మళ్ళీ పదిహేనయ్యాయి. తాళం కేకలు మాత్రం వేసేవాడు, అది మానడానికి లేదు. నేను జవాబు చెప్పేవాణ్ణి. మధ్యాహ్నం ఇద్దరం చెరో డబ్బా తెరిచి చెరో వైపు తిరిగి తినేవాళ్ళం. మిషన్ రూం వేడికి నా చెవుల్లో మళ్ళీ హోరు మొదలైంది. గోళ్ళ కింద గ్రీజు చేరడానికి మాత్రం పన్నెండు రోజులు పట్టలేదు, ఒక్కరోజే పట్టింది.

వాణ్ణి కాపాడానో, వాడి తొమ్మిదేళ్ళు తినేశానో నాకు ఇప్పటికీ తేలలేదు. వాణ్ణడిగితే రెండోదే చెబుతాడు.

ఇంటి దగ్గర నా భార్య మొదటి వారమంతా నిద్రపోయింది. పొద్దున్న నేను లేచేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. గ్లాసు చప్పుడు కాకుండా నేనే టీ పెట్టుకుని, బూట్లు చేత్తో పట్టుకుని మెట్ల దాకా వెళ్ళి అక్కడ తొడుక్కునేవాణ్ణి. రెండో వారంలో ఒక సాయంత్రం తలుపు తీసి అంది, “రెండింటికి ఎండ మంచం కాలి దాకా వస్తుంది, తెలుసా?”

“తెలుసు,” అన్నాను.

“మీకెలా తెలుసు?” అని, నవ్వింది. ఆ నవ్వు విని చాలా ఏళ్ళైంది. కాగితం బీరువా తలుపు మీద లేదు. ఎక్కడ పెట్టిందో నేనడగలేదు.

వేసవి ఆఖరి వారంలో మబ్బు పట్టింది. మళ్ళీ ఆ ఆరంతస్తుల మేడకే పంపారు, సగంలో ఆగిన పని పూర్తిచేయమని. పైన గదిలో కాస్త గాలి ఆడుతోంది. బావమరిది నీలం తాళం వేసి, రెండు నీళ్ళ సీసాలు నడుముకి కట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

“మా అక్క రిటైరైందట కదా బావా.”

“అయింది.”

“నలభై ఏళ్ళకే. నీకంటే మూడేళ్ళు ముందు.”

“అవును.”

“మనిద్దరికంటే తెలివైంది,” అన్నాడు. నవ్వలేదు గానీ నవ్వుకి దగ్గర్లోనే ఉన్నాడు. “ఆ పన్ను పీకించుకో. రాత్రీ పగలూ మూలుగుతున్నావట. వినలేక చస్తున్నానని అక్క చెప్పింది.”

మెట్లు దిగి వెళ్ళాడు. నేను ఎర్ర తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. నాలుగో అంతస్తు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తాళ్ళ కంతలోంచి గొంతు పైకొచ్చింది.

“తాళం?”

“పడింది.”

“తాళంచెవి?”

జేబు మీద చెయ్యి వేసి చూసుకున్నాను.

“నా దగ్గరే,” అన్నాను.

వాడి బూటు క్యాబిన్ మీద ఆనిన చప్పుడు వినిపించింది.